గొంతు ఎవరిచ్చినట్టు?

“మేడమ్మా, ఆ అద్దం పెట్టి ఇంగొక తూరి బాగా సూడు. ఈయప్పకు గొంతు తెచ్చిచ్చింది ఏ దేవుడో కనుక్కోని చెప్పు.”

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా నన్ను జనం చాలా వస్తువులు వెతకమన్నారు. గొంతులో చేపముల్లు వెతికాను, ముక్కులో శనగబద్ద వెతికాను, చెవిలో విరిగిన అగ్గిపుల్ల వెతికాను. గొంతులో దేవుణ్ణి వెతకమన్నది మాత్రం ఆ ఒక్క ఇల్లాలే. అది కూడా ఒక దేవుడైతే సరిపోదు, నలుగురిలో ఎవరో తేల్చాలి. అడిగింది ఎవరినంటే, దేవుడనే మాట వింటేనే ముక్కుపుటాలు అదిరే నన్ను.

తొంభైల చివర్లో నాకు మదనపల్లెలో క్లినిక్ ఉండేది. వారానికి ఒకరోజు పుంగనూరులో ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేదాన్ని. దేవుడి పటం లేని డాక్టరమ్మ అని రెండు ఊళ్ళలోనూ పేరు. అందరూ వెంకన్న క్యాలెండరు తగిలించే చోట నేను చెవి లోపలి భాగాల రంగుల బొమ్మ తగిలించాను. ఏం లాభం? వచ్చినవాళ్ళు వచ్చినట్టు దానికే దండం పెట్టి కూర్చునేవారు. ఒకరోజు కర్ణభేరి మీద కుంకుమ బొట్టు కూడా కనిపించింది. తుడిచేశాను. మళ్ళీ వారం వెళ్ళేసరికి మళ్ళీ ఉంది.

ఆమె మొగుడు మదనపల్లె టమోటా మండీలో వేలం పాడే మనిషి. మండీ ఎరగనివాళ్ళకు ఆ పని గురించి చెప్పాలి. రైతులు తెచ్చిన గంపలు వరుసగా పెడతారు. వేలం పాడే ఆయన ఎత్తు మీద నిలబడి ధర అరుస్తాడు. చుట్టూ మూగిన వ్యాపారులు పెంచుతూ పోతారు. ఇక పెరగదనుకున్నప్పుడు ఆయన ఆఖరి ధర అరిచి కొట్టేస్తాడు. ఆ అరుపుతో సరుకు రైతు చేతి నుంచి వ్యాపారి చేతికి పోతుంది. లారీల హారన్లు, హమాలీల కేకలు, వ్యాపారుల గోల, అన్నిటినీ దాటి వినిపించే గొంతు కావాలి దానికి. ఈయన పాడితే మైళ్ళ దూరంలోని కురబలకోటలో గొర్రెలు తలెత్తి చూస్తాయని మండీలో హాస్యమాడేవారట.

అలాంటి మనిషికి ఒక సాయంత్రం గొంతు పోయింది. జలుబు లేదు, దెబ్బ లేదు. పెదాలు కదులుతాయి, గాలి వస్తుంది, గుసగుస తప్ప శబ్దం రాదు. వాళ్ళ ఇల్లు పుంగనూరులోనే కాబట్టి భార్య ఆయన్ను నా వారపు గదికి తీసుకొచ్చింది. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడింది. ఆమె మొదలుపెట్టాక, ఆయనకు గొంతు లేకపోవడం ఆ ఇంట్లో పెద్ద లోటేమీ కాదనిపించింది నాకు.

తలకు అద్దం కట్టుకుని, చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చబెట్టి గొంతులో పెట్టి చూశాను. లోపలి రెండు తీగలూ తెల్లగా, నున్నగా, బ్రహ్మాండంగా కదులుతున్నాయి. దగ్గమన్నాను. గది అదిరిపోయేలా దగ్గాడు. దగ్గుకు మోత ఉందంటే గొంతులో మాట కూడా ఉన్నట్టే. అది దేనికో జడిసి లోపల దాక్కుంది. ఇలాంటివి మేం పుస్తకాల్లో చదువుకున్నవే.

“గొంతుకు జబ్బేమీ లేదు. మనసులో ఏదో పెట్టుకున్నట్టున్నారు. ఏదైనా భయం, దిగులు?” అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. భార్యకు మాత్రం రోషం వచ్చింది. “అంటే నాటకమాడతాండాడంటావా మేడమ్మా?”

కాదమ్మా అని సర్దిచెప్పి, ఆవిరి పట్టించమని, పొద్దునా సాయంత్రం గొంతు సాధన చేయించమని పంపాను. వచ్చిన ప్రతిసారీ నేను “ఏదీ, గట్టిగా చెప్పండి, ఇంకా గట్టిగా” అని అరవడం, ఆయన నీళ్ళు నిండిన కళ్ళతో గాలి ఊదడం. బయట కూర్చున్నవాళ్ళకు నా గొంతే వినిపించేది. నెలలు గడిచాయి. మండీలో ఆయన ఎత్తు మీదికి మరొకరు ఎక్కారు. ఈయన్ను గంపలు సర్దే పనికి దించారు. ఉగాది దాకా చూస్తానని, ఆ తర్వాత ఆ చోటు కొత్తవాడిదేనని మండీ యజమాని చెప్పేశాడు.

డాక్టరమ్మ చేతిలో లేదని ఖాయమయ్యాక ఆ ఇల్లాలు మొక్కుల మీద పడింది. కొండమీది గంగమ్మకు పొట్టేలు. ఏడుకొండలవాడికి మొగుడి తలనీలాలు. ఆయన్ను అడగలేదు, అడిగినా ఆయన చెప్పగలిగింది ఏముంది? ఊరి బయట దర్గాకు పచ్చ చాదరు. ఆమె పుట్టిల్లు కుప్పం పక్కన కాబట్టి, అక్కడి కథోలికుల ఆర్.సి.ఎం. చర్చిలో మరియమ్మకు మొగుడంత ఎత్తు కొవ్వొత్తి. జ్వరం ఎందుకొచ్చిందో తెలియనప్పుడు మేమూ నాలుగు రకాల మందులు ఒకే చీటీ మీద రాసేస్తాం. కాబట్టి ఆమెను ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. చేశాననుకోండి, అది వేరే సంగతి.

ఫిబ్రవరి మొదట్లో కథోలికులకు గొంతుల పండగ ఒకటుంది. గొంతు జబ్బుల నుంచి కాపాడే పునీతుడు ఒకాయన ఉన్నాడు వాళ్ళకు. అంటే నా వృత్తిలో నాకు పోటీ. ఆ రోజు ఫాదర్ రెండు కొవ్వొత్తులను ఎర్ర రిబ్బనుతో అడ్డంగా కలిపి కట్టి, ఒక్కొక్కరి గొంతు కింద ఆనించి దీవిస్తారు. మామూలుగా వాటిని వెలిగించరు. ఆ పొద్దు మాత్రం పూజ మధ్యలో కరెంటు పోయింది. లోపల మసకగా ఉండి ప్రార్థన పుస్తకం కనిపించక, ఆ కొవ్వొత్తులనే కాసేపు వెలిగించుకుని, తర్వాత ఊది, రిబ్బను కట్టారు.

అంతకు ముందే ఇంకొకటి జరిగింది. మొగుడూ పెళ్ళాం చర్చికి చేరేసరికి గోడవారన ఒక వరుస ఉంది. మన జనానికి వరుస కనిపిస్తే చాలు, ముందు నిలబడతాం, ఎందుకో తర్వాత కనుక్కుంటాం. రేషను షాపు నేర్పిన విద్య అది. ఆలస్యం చేస్తే అయిపోతుందేమోనన్న బెంగ. భార్య చెప్పులు ఒకచోట భద్రం చేసి వచ్చేలోపే ఆయన ఆ వరుసలో కలిశాడు. అది గొంతు దీవెన వరుస కాదు. పాపసంకీర్తన వరుస. చేసిన తప్పులు ఫాదర్ చెవిలో చెప్పుకునే చెక్కగది ముందర ఉండేది. ఆయన వంతు వచ్చింది, లోపలికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఎంతకీ బయటికి రాలేదు. ఏమేం చేసొచ్చాడో ఈ కొత్త మనిషి అని వెనక ఉన్న ముసలమ్మలు తెగ ముచ్చటపడ్డారట.

పూజ అయ్యాక దీవెన. ఫాదర్ కొవ్వొత్తులు ఆయన గొంతు కింద ఆనించగానే, ఇంకా ఆరని మైనం బొట్టు ఒకటి జారి మెడ మీద పడింది. “అబ్బా!” అని అరిచాడు. చర్చి పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఆ వెనకే మండీ మాట ఒకటి కూడా వచ్చింది. ఆ మాట ఇక్కడ రాయను. మండీ వాళ్ళకు రాయక్కర్లేదు, మిగతావాళ్ళకు రాసినా ప్రయోజనం లేదు. నెలల తర్వాత గొంతు వచ్చిన మనిషి మొదటి పలుకు అది, దేవుడి ముందర, కొవ్వొత్తి సాక్షిగా. తర్వాత ఎవరో “దేవునికి స్తోత్రం” అన్నారు.

ఇక చెప్పేదేముంది? బస్సు కంటే ముందే కబురు పుంగనూరు చేరింది. మరుసటి వారం నా గదిలో గొంతునొప్పితో వచ్చిన ఒకావిడ, నేను టార్చి తీస్తుంటే, “మీ దగ్గర ఆ రెండు కొవ్వొత్తులు లేవా మేడమ్మా?” అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆ భార్యాభర్తలు వచ్చారు. ఆయన “నమస్కారం మేడమ్మా” అన్నాడు, అంత లావు గొంతుతో. నేను సంతోషించాను, కుళ్ళుకున్నాను కూడా, రెండూ ఒకేసారి. కానీ వాళ్ళు సంతోషంగా లేరు.

“నాలుగు సోట్ల మొక్కుకోనుండా. ఇచ్చినోళ్ళకు ఇయ్యకుండా ఇంగొకరికిస్తే, ఇచ్చినోళ్ళు ఎనక్కి తీసుకోరా? నలుగురికీ ఇస్తే, నేనిచ్చింది వాళ్ళకూ పంచినావా అని ఇచ్చినోళ్ళకు కోపం రాదా? దినమంతా ఇదే ఇసారంగా ఉండాడు,” అంది ఆమె. “నువ్వు ముందూ సూసినావు, ఇప్పుడూ సూడు. లోపల ఎవురి చెయ్యి పడిందో నీకు తెలీకుండా పోతాదా?”

నవ్వబోయి ఆయన మొహం చూశాను. “మళ్ళా ఎత్తెక్కి పాడమన్నారు మేడమ్మా” అన్నాడు. ఆ వాక్యం గొంతుతో మొదలై, చివరికి వచ్చేసరికి గుసగుసగా మారింది. ఆయనా గమనించాడు. చెయ్యి మెడ మీదికి పోయింది. అక్కడ మైనం కాల్చిన చోట చిన్న మచ్చ. భయమే తాళం వేసిన గొంతు అది, మళ్ళీ భయమే వేయబోతోంది. దేవుడూ లేడు, దయ్యమూ లేదు, అది వేడి మైనం ఇచ్చిన ఉలికిపాటు అని నా నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయనకు మిగిలిన ఆ ఒక్క ఆధారమూ నేను లాగేసినట్టే. కనుక్కుని చెప్తానన్నాను. నిజానికి ఆ ఫాదర్‌తో తగువు పెట్టుకోవాలని కూడా ఉంది.

కుప్పం నేను పుట్టిన ఊరే. ఆ చర్చి పక్క సిస్టర్ల బడిలోనే చదువుకున్నాను. ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడంటే ఎవరు చూశారని అడిగి బెంచీ మీద నిలబడ్డదాన్ని. ఆదివారం పూజ అయ్యాక వెళ్ళేసరికి, ఆ ఫాదర్, పెద్ద వయసాయన, చర్చి గేటు దగ్గర పొట్టేలు తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ పగిలిన టెంకాయ చిప్పలు.

“ఇది మీదా అమ్మా?” అన్నారు ఆశగా.

“కాదండీ.”

“ఎవరో మొక్కంటూ కట్టేసి పోయినారు. మరియమ్మకు పొట్టేలు వద్దంటే వినరు. నిన్న దానిమ్మ మొక్కలన్నీ మేసేసింది.”

నేను ఎవరో చెప్పాను. తెచ్చుకున్న వాదమంతా ఆయన ముందు పరిచాను. గొంతు తీగలు బాగుండటం, దగ్గు, మోత, మనసు, మైనం, ఉలికిపాటు, ఏదీ వదల్లేదు. ఆయన కోప్పడితే ఎలా జవాబివ్వాలో బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

“ఇదే మాట మైకులో చెప్తారా అమ్మా? అద్భుతం కాదని డాక్టరే చెప్పేస్తే నాకు ఈ పొట్టేళ్ళ బాధ తప్పుతుంది.”

“మీరు నమ్మరా?”

“దేవుణ్ణి నమ్ముతాను. ప్రతి కేకనూ దేవుడి లెక్కలో వేయను. మా చర్చి పెద్దలు ఒకదాన్ని అద్భుతం అనాలంటే ముందు మీలాంటి డాక్టర్లను పిలిచి, ఇది మీకు అర్థమవుతోందా అని అడుగుతారు. మీకు అర్థమైందంటున్నారు. సంతోషం. అయితే ఒకటి అడుగుతా. మైనంతో పోయేదైతే మీరే రెండు చుక్కలు వేసి ఉండొచ్చు కదా? వచ్చే పండక్కి మీ క్లినిక్‌కు రెండు కొవ్వొత్తులు పంపిస్తాలెండి.”

నాకు నవ్వొచ్చింది, అందుకని కోపమొచ్చింది. మైనం ఒక్కటే అయితే ఆ మాట ఇన్ని రోజులు నిలిచి ఉండేది కాదని నాకూ తెలుసు. అంతకు ముందే ఏదో సడలి ఉండాలి. “ఆ చెక్కగదిలో మీతో ఏం చెప్పాడు?” అని అడిగాను.

“మీ పేషెంట్ల సంగతులు మీరు బయట చెప్తారా అమ్మా?”

“చెప్పను” అన్నాను గొప్పగా. ఆ మండీ మనిషి గొంతు సంగతంతా అప్పుడే పూసగుచ్చినట్టు చెప్పేశానని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఫాదర్ చిన్నగా నవ్వి పొట్టేలు వైపు చూశారు. అది తుమ్మింది.

“అతను మావాడు కాదని సగంలో తెలిసింది నాకు. వరుస తప్పినాడని. అప్పటికే చెప్పుకుంటున్నాడు. మధ్యలో లేచిపొమ్మంటానా? ఒక సంగతి మాత్రం చెప్పొచ్చు. అతనికి గొంతు లేదని నాకు తెలియనే లేదమ్మా. అక్కడ అందరూ గుసగుసే మాట్లాడతారు.”

తిరుగు బస్సులో ఆ మాటే తొలిచేసింది. వీ. కోట దాటినా వదల్లేదు. మండీలో, ఇంట్లో, నా గదిలో, ఆయన ఎక్కడికి వెళ్ళినా గట్టిగా మాట్లాడమన్నవాళ్ళే. గొంతు లేకపోవడం తప్పుకాని చోటు ఈ లోకంలో ఒక్కటే దొరికింది ఆయనకు, అదీ పొరపాటున. నేను నమ్మని దేవుడి ఇంట్లో అలాంటి మూల ఒకటి ఉందని, నా క్లినిక్‌లో లేదని నిజంగా కుళ్ళుకున్నాను.

తర్వాతి వారం పుంగనూరులో భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపు వేశాను. అది కూడా ఒక వైద్యమే అనుకోండి. అద్దం తీయలేదు. కుర్చీ ఆయన పక్కకు జరుపుకుని, “గొంతు వాడొద్దు, గుసగుసగానే చెప్పండి” అన్నాను. ఆయన నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి చెప్పాడు.

సరుకు విరగబడి వచ్చిన రోజు అది. పెద్దమండ్యం నుంచి ఒక ముసలామె గంపలు దించింది. వానలకు ఎదురుచూసి, అప్పుకు బోరు వేయించి పండించిన పంట. ఎంత అరిచినా ఏ వ్యాపారీ ధర పెంచలేదు. ఇక తప్పక బస్సు ఛార్జీకి కూడా చాలని ధరకు కొట్టేశాడు. ఆమె ఆ ధరకు ఇవ్వనని గంపలన్నీ రోడ్డు మీద బోర్లించి, వచ్చి ఆయన ఎదుట నిలబడి, పిడికెడు మన్ను ఎత్తిపోసింది.

“‘ఆ ధర పలికిన నీ నోరు పడిపోను’ అనేసినాది మేడమ్మా. ఆ సాయంత్రమే పడిపోయినాది.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“శాపం తగిలిన నోరని తెలిస్తే నా కాడికి ఏ రైతు సరుకు తెస్తాడు? నా పెండ్లానికి కూడా చెప్పలా. ఆ చర్చి సామి ఒక్కడికే చెప్పినా. పోయి ఆయమ్మను సూడు అన్నాడు. యాడ సూసేది? ఆమె ఎదురుపడితే ఈ గొంతు మళ్ళా పోతాది.”

భార్యను లోపలికి పిలిచి తీర్పు చెప్పాను. నాలుగు మొక్కులూ చెల్లించండి. ఏ వరుసలో మొక్కుకున్నారో అదే వరుసలో. నలుగురూ ఒప్పుకున్నారా అంటే, ఒప్పుకున్నారు, నేను కనుక్కున్నాను అని చెప్పాను. “అందురూ కలిసే ఇచ్చినారంటావా?” అని ఆమె నిలదీసింది. అవునన్నాను, చెవి బొమ్మ మీది బొట్టు సాక్షిగా. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చే మా మిత్రబృందం ఆ సంగతి తెలిసి నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ కొన్నాళ్ళూ హాయిగానే గడిచాయి.

గుండు చేయించుకుని ఆయన మళ్ళీ ఎత్తెక్కాడు. గొంతు నిలిచింది. ఉగాది దగ్గరపడింది. ఒక పొద్దున ఆయన భార్య ఆటోలో మదనపల్లె క్లినిక్‌కు వచ్చి పడింది. మొగుడు ఆమెకు కూడా అంతా చెప్పుకున్నాడని అప్పుడే తెలిసింది. “ఆయమ్మ గంపలు దిగినాయి మేడమ్మా! ఈయప్ప రాయి మాదిరి నిలబడిపోయినాడు. బిరీన రా!”

నేను వెళ్ళి చేసేదేమిటో నాకే తెలియదు. ఉన్న పేషెంట్లను వదిలేసి ఆటో ఎక్కాను.

మండీలో టమోటా ఎర్రగా కొండలు పడి ఉంది. సరుకు విరగబడ్డ రోజే మళ్ళీ. ఆయన ఎత్తు మీద నిలబడి ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. వ్యాపారులు “కొవ్వొత్తి తేండప్పా” అని నవ్వుతున్నారు. మండీ యజమాని నవ్వడం లేదు. కొత్తగా పాడే మనిషి పక్కనే సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ గంపలు దాటి ఒక బక్కపలచని ముసలామె ముందుకొచ్చింది. నా పక్కన నిలబడ్డ భార్య ఏ దేవుణ్ణీ పిలవలేదు. నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

“యాలప్పా నిలబడ్నావు? పాడు” అంది ముసలామె.

ఆయన వంగి ఏదో గుసగుసగా చెప్పాడు. ధర లేదమ్మా అని ఉంటాడు.

“ధర లేకుంటే నువ్వేం జేస్తావు? ఆ పొద్దు కడుపు మండి నోరు జారినా. పడిపోతాదని నేను కలగన్నానా? ఇంటికి పోయి నేనూ కూడు తినలేదప్పా.” ఆమె చుట్టూ ఉన్న వ్యాపారుల వైపు తిరిగి, అందరూ వినేలా అంది: “నా నోటి మాట నేనే ఎనక్కి తీసుకుంటాండా. అందురూ ఇన్నారు గదా. ఇంగ పాడు నాయనా, ఎంతొస్తే అంత.”

ఆయన కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాడు. మొదటి ధర బొంగురుగా వచ్చింది. రెండోది మండీ గేటు దాటింది. మూడోదానికి లారీ డ్రైవర్లు తిరిగి చూశారు. వ్యాపారుల్ని పేరుపేరునా పిలిచి, తిట్టి, బతిమాలి, సిగ్గుపడేలా చేసి ఒక్కొక్క రూపాయీ లాగాడు. అయినా ధర ధరే. గొంతు చించుకుంటే పెరిగేది కాదది. ఇక లాభం లేదని తెలిసి, ఆఖరి మాట అనే ముందు ఆగి ఆమె వైపు చూశాడు.

ఆమె తల ఊపింది. ఆయన కొట్టేశాడు.

“గొంతు బాగుండాది లేప్పా,” అంది ఆమె, ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ. “ధరే బాగలేదు.”